మీ సీసాలో ఉన్నది ఏ లావెండర్?

పాలకొల్లు నుంచి అడిగిన అమ్మా, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కాబట్టి మీ ప్రశ్న ఒకసారి చెప్పుకుని మొదలుపెడతాను. ఆన్‌లైన్‌లో 199 రూపాయలకి ‘ప్యూర్ లావెండర్ ఆయిల్’ అని 10 మిల్లీలీటర్ల సీసా కొన్నారు. మీ అత్తయ్యగారికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదని దిండు మీద నాలుగు చుక్కలు వేశారు. నిద్ర మాట అటుంచి, ఆవిడకి తలనొప్పి పట్టుకుంది. లావెండర్‌లో ఏ రకం కొనాలి, దేనితో కలుపుకోవచ్చు, ఇంట్లో ఆరేళ్ళ పాప, ఎనిమిది నెలల బాబు ఉన్నారు కదా ఏమైనా ఇబ్బందా, కడియం నర్సరీలో చూసిన లావెండర్ మొక్క మేడ మీద బతుకుతుందా అని అడిగారు.

నేను ముంబైలో ఒక పరిమళ ద్రవ్యాల కంపెనీ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. వచ్చిన ప్రతి నూనె డబ్బాలోంచి కాస్త శాంపిల్ తీసి ముందు ముక్కుతో, ఆ తర్వాత మిషన్‌తో పరీక్షించడమే నా ఉద్యోగం. ఇప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్ళో ఉంటున్నాను. కాబట్టి అక్కడ నేర్చుకున్నదీ, ఈ చెమట్లో, ఈ ముసుర్లో ఇంట్లో వాడి చూసినదీ రెండూ కలిపి చెబుతాను.

ముందు ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. లావెండర్‌లో రకం తేల్చేది కర్పూరం. హారతి పళ్ళెంలో వెలిగించే కర్పూరంలో ఉండే పదార్థమే లావెండర్ నూనెలో కూడా ఉంటుంది. అది ఎంత ఉందన్నదాన్ని బట్టి ఆ నూనె పడకగదికి పనికొస్తుందా, మోకాళ్ళకి పనికొస్తుందా, గచ్చు తుడవడానికి పనికొస్తుందా అన్నది తేలిపోతుంది.

మామిడికాయ అంటే బంగినపల్లా, కొత్తపల్లి కొబ్బరా, చెరుకు రసమా అని అడుగుతాం కదా. లావెండర్ దగ్గర మాత్రం అలా అడగకుండా కొనేస్తాం. నిజానికి ఇక్కడ తేడా మామిడికాయల్లో కన్నా ఎక్కువ, ఇవి వేరు వేరు మొక్కలు. మొదటిది లావెండ్యులా అంగుస్టిఫోలియా. దీన్నే నిజ లావెండర్ అంటారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని ప్రొవాన్స్ కొండల మీద, బల్గేరియాలో, మన జమ్మూ కశ్మీర్‌లో పండుతుంది. ఇందులో లినలూల్, లినలైల్ ఎసిటేట్ అనే రెండు పదార్థాలే ప్రధానం. మెత్తటి, కాస్త తియ్యటి వాసన వాటిదే. మంచి ఫ్రెంచి నూనెలో కర్పూరం అర శాతం దాటదు. రెండోది లావెండ్యులా లాటిఫోలియా, స్పైక్ లావెండర్ అంటారు. స్పెయిన్ నుంచి ఎక్కువ వస్తుంది. ఇందులో కర్పూరం 8 నుంచి 16 శాతం దాకా ఉంటుంది. దానికి తోడు నీలగిరి తైలంలో ఘాటు తెచ్చే సినియోల్ కూడా బాగా ఉంటుంది. పేరులో లావెండర్ ఉన్నా గుణంలో ఇది నీలగిరి తైలానికి దగ్గరి చుట్టం.

మూడోది లావండిన్. మీరు బాగా తెలుసుకోవలసింది దీని గురించే. పై రెండు మొక్కలూ పక్కపక్కన పెరిగే చోట తేనెటీగల వల్ల పుట్టిన సంకరం ఇది. గింజ కట్టదు, కొమ్మ కత్తిరించి నాటాల్సిందే. మొక్క పెద్దది, పువ్వు ఎక్కువ, ఎకరానికి నూనె నిజ లావెండర్ కన్నా కొన్ని రెట్లు దిగుతుంది. అందుకే చవక. గ్రోసో అనే రకం ఇందులో బాగా పేరున్నది. దాని నూనెలో కర్పూరం 6 నుంచి 8 శాతం ఉంటుంది. సబ్బుల్లో, బట్టల పౌడర్లలో, ఫ్లోర్ క్లీనర్లలో లావెండర్ అని మనకి తగిలే వాసనకి మూలం చాలా వరకు ఇదే. లావండిన్ చెడ్డ నూనె అనడం లేదు. దాని పని వేరు. కానీ లావండిన్‌ని నిజ లావెండర్ అని చెప్పి అమ్మితే మాత్రం అది మోసమే.

నాలుగోది లావెండ్యులా స్టోకాస్. పువ్వు తల మీద కుందేలు చెవుల్లాంటి రేకులు లేచి ఉంటాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది, నర్సరీల్లో కనబడుతుంది. దీని నూనెలో కర్పూరం, ఫెంకోన్ అనే ఇంకో ఘాటు పదార్థం దండిగా ఉంటాయి. ఇంటి వాడకానికి నేను ఒప్పుకోను.

ఇవి కాక హిడ్‌కోట్, మన్‌స్టెడ్, మైయెట్ లాంటి పేర్లు నెట్‌లో మీకు కనబడి ఉంటాయి. అవన్నీ అంగుస్టిఫోలియాలోని రకాలే. తోట వేసేవాళ్ళకి ఆ తేడాలు కావాలి. సీసా కొనేవాళ్ళు వాటి కోసం తల పట్టుకోనక్కర్లేదు.

ఇప్పుడు మీ సీసా సంగతి. ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. పాప డ్రాయింగ్ పుస్తకంలోంచి ఒక కాగితం తీసి వేలంత వెడల్పు, వేలంత పొడవు ముక్క కత్తిరించండి. నున్నగా మెరిసే కాగితం వద్దు, నూనె పీల్చుకోవాలి. ఒక కొసన ఒక్క చుక్క వేయండి. వంటింట్లో పోపు వేసే టైములో చేయకండి, పొద్దున్నే ఇల్లు ఇంకా చల్లగా ఉన్నప్పుడు వీధి అరుగు మీద కూర్చుని చేయండి. కాగితం ముక్కుకి ఆనించొద్దు. రెండంగుళాల దూరంలో పట్టుకుని, మెల్లగా ఒక్కసారి పీల్చి, పక్కకి తీసేయండి.

మొదటి నిమిషంలోనే హారతి పళ్ళెం గుర్తుకొచ్చిందంటే అది లావండిన్, లేదంటే స్పైక్ కలిసిన నూనె. నిజ లావెండర్ అయితే ముందు ఒక పండు తొక్క లాంటి తీపి తగులుతుంది, దాని వెనక పచ్చి ఆకు నలిపిన వాసన వస్తుంది. అరగంట తర్వాత మళ్ళీ చూడండి. తీపి తగ్గి, ఎండుగడ్డి మోపు దగ్గర నిలబడ్డట్టు ఒక పొడి వాసన మిగలాలి. రాత్రంతా ఆ కాగితాన్ని అలాగే వదిలేసి మర్నాడు చూడండి. నిజమైన నూనె చాలా వరకు ఎగిరిపోయి వాసన పల్చబడుతుంది. మర్నాటికి కూడా అదే జోరులో, పెళ్ళిలో కొట్టిన సెంటులా వాసన వస్తుంటే అందులో వాసన నిలబెట్టే వేరే సరుకు కలిపారన్నమాట. కాగితం మీద బజ్జీలు పెట్టిన పేపరులా జిడ్డు మరక మిగిలిపోతే ఏదో వంటనూనె లాంటిది కలిపారు.

ఈ పరీక్షతో అన్నీ తెలియవు. ఫ్యాక్టరీలో తయారైన లినలూల్, లినలైల్ ఎసిటేట్ కొలత ప్రకారం కలిపి పోస్తే అనుభవం ఉన్న ముక్కు కూడా మోసపోతుంది. నేను కూడా మోసపోయాను. అప్పుడు మిషనే దిక్కు. కృత్రిమ లినలూల్ వెంట డైహైడ్రోలినలూల్ అనే పదార్థం కొద్దిగా వస్తుంది, మొక్కలోంచి తీసిన నూనెలో అది ఉండకూడదు. నూనెలోని పదార్థాల్ని విడదీసి ఏది ఎంత ఉందో చెప్పే జీసీ-ఎంఎస్ అనే పరీక్షలో అది పట్టుబడుతుంది. అందుకే నేను కొనేటప్పుడు అమ్మేవాళ్ళని ఆ సీసా బ్యాచ్‌కి సంబంధించిన జీసీ-ఎంఎస్ రిపోర్టు అడుగుతాను. రిపోర్టు ఇచ్చేవాళ్ళు అడగ్గానే ఇస్తారు. రిపోర్టులో మీరు చూడవలసింది మూడే లైన్లు. లినలైల్ ఎసిటేట్ 25 నుంచి 45 శాతం మధ్య, లినలూల్ కూడా దాదాపు 25 నుంచి 38 మధ్య, కర్పూరం 1 శాతం లోపు ఉంటే పడకగదికి ధైర్యంగా తెచ్చుకోండి. కర్పూరం లైనులో 6 అనో 7 అనో కనబడితే లేబుల్ మీద ఏమి రాసి ఉన్నా అది లావండిన్.

లేబుల్ మీద మొక్క శాస్త్రీయ నామం, పండిన దేశం, బ్యాచ్ నంబరు ఉండాలి. ‘లావెండర్ 40/42’ అని ఉంటే అది వ్యాపారంలో వాడే మాట. ఎస్టర్లు, అంటే లినలైల్ ఎసిటేట్ లాంటి పదార్థాలు, నలభై, నలభై రెండు శాతం వచ్చేలా సరిచేసిన నూనె అని అర్థం. అంటే రకరకాల నూనెలు కలిపి లెక్క కుదిర్చారన్నమాట. సబ్బులు చేసేవాళ్ళకి ప్రతిసారీ ఒకే వాసన కావాలి కాబట్టి వాళ్ళకి అది సుఖం. అత్తయ్యగారి దిండుకి నేను తీసుకోను.

జమ్మూ కశ్మీర్ నూనె గురించి కూడా చెప్పాలి. జమ్మూలో ఉన్న ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-ఐఐఐఎం వాళ్ళ చలవతో డోడా జిల్లా భదర్వా ప్రాంతంలో మొక్కజొన్న వేసుకునే రైతులు లావెండర్‌కి మారారు. అరోమా మిషన్ అనే సుగంధ పంటల ప్రభుత్వ పథకం కింద మొక్కలూ, నూనె తీసే యూనిట్లూ ఇచ్చారు. నేను ఈ మధ్య వాడుతున్నది ఆ ప్రాంతం నూనే. ఫ్రెంచి నూనెకి ఉండే పండు తీపి దీనికి కాస్త తక్కువ అనిపించినా, వాసన శుభ్రంగా ఉంటుంది. మన దేశం సరుకు కాబట్టి తాజాగా దొరుకుతుంది. లావెండర్‌లో దేశం పేరు కన్నా తాజాదనానికి నేను ఎక్కువ విలువ ఇస్తాను.

ఎందుకో చెబుతాను. ముంబై నుంచి వచ్చిన మొదటి వేసవిలో మంచి బల్గేరియా సీసా ఒకటి వంటింటి కిటికీ గూట్లో పెట్టాను. మూత సరిగ్గా బిగించలేదు. రోహిణి కార్తె అంతా ఆ ఎండ, ఆ వేడి దాని మీదే. దీపావళి రోజుల్లో నడుం పట్టేస్తే అదే నూనె కొబ్బరి నూనెలో కలిపి రాసుకున్నాను. మర్నాటికి నడుం మీద, రాసిన చేతి మణికట్టు మీద ఎర్రటి దద్దుర్లు. వారం రోజులు దురద. సీసా మూత తీసి చూస్తే టర్పెంటైన్‌లా కోసే వాసన. ల్యాబ్‌లో ఇన్నేళ్ళు చేసిన నాకు ఈ సంగతి తెలుసు, అయినా ఇంట్లో పట్టించుకోలేదు. లినలూల్‌కి గాలి తగిలితే హైడ్రోపెరాక్సైడ్లు అనేవి పుడతాయి. తాజా లినలూల్ చర్మాన్ని పెద్దగా ఏమీ చేయదు, ఈ పాడైన సరుకే అలర్జీ తెస్తుంది. ఒకసారి అలర్జీ వచ్చిందంటే తర్వాత సబ్బులో ఉన్నా, క్రీములో ఉన్నా ఒళ్ళు గుర్తుపడుతుంది. యూరప్‌లో క్రీముల లేబుల్ మీద లినలూల్ పేరు విడిగా రాయాలని రూలు పెట్టింది ఈ అలర్జీ కోసమే.

అప్పటి నుంచి 10 మిల్లీలీటర్లకి మించిన సీసా కొనడం మానేశాను. ముదురు రంగు గాజు సీసా అయితేనే తీసుకుంటాను. మూత తీసిన రోజు తేదీ స్టిక్కరు మీద రాసి అంటిస్తాను. సీసాని మూత గట్టిగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్ తలుపు అరలో ఉంచుతాం. డబ్బా ఎందుకంటే, లేకపోతే పాలకీ పెరుక్కీ ఆ వాసన పడుతుంది. ఏడాది దాటితే ఒంటికి రాయం, గచ్చు తుడిచే బకెట్లోకి పోతుంది. మన దగ్గర వేడీ, ఉక్కా కలిసి ఉంటాయి కాబట్టి ఈ జాగ్రత్త చలి దేశాల వాళ్ళకన్నా మనకే ఎక్కువ కావాలి.

ఇక కొలత. అత్తయ్యగారి తలనొప్పికి నూనె రకం సగం కారణమైతే నాలుగు చుక్కలు సగం కారణం. తలుపులు మూసిన ఏసీ గదిలో, ముక్కు పక్కనే, ఏమీ కలపని నూనె నాలుగు చుక్కలంటే ఎంత మంచి లావెండర్ అయినా తల పట్టేస్తుంది. ఒక చుక్క చాలు, అదీ దిండు మీద వద్దు. నేనైతే రంగు వేయని కొత్త మట్టి మూకుడు తీసుకుని దాని మీద ఒకటో రెండో చుక్కలు వేసి మంచానికి మూడు నాలుగు అడుగుల దూరంలో పెడతాను. మట్టి నూనెని పీల్చుకుని నెమ్మదిగా వదులుతుంది. కరెంటు అక్కర్లేదు. నీళ్ళు పోసి పొగలా వదిలే డిఫ్యూజర్లు మన ప్రాంతానికి నాకు నచ్చవు. శ్రావణ భాద్రపదాల్లో గాలే తడిగుడ్డలా ఉంటుంది, అందులో ఇంకా నీటి ఆవిరి ఎందుకు? ఏసీ గదిలో అరగంట పెట్టి ఆపేస్తే ఫరవాలేదు.

ఒంటికి రాసేదైతే కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో కలపకుండా రాయకూడదు. లెక్క తేలికే. ఒక మిల్లీలీటరుకి దాదాపు 20 చుక్కలు. 30 మిల్లీలీటర్ల నూనెలో 6 చుక్కలు వేస్తే 1 శాతం, 12 వేస్తే 2 శాతం. పిల్లల సిరప్‌తో వచ్చే ప్లాస్టిక్ మూత మీద 5, 10 గీతలుంటాయి, దాంతో కొలుచుకోండి. రోజూ వాడేదానికి 1 శాతం చాలు. పెద్దవాళ్ళ చర్మం పల్చబడి ఉంటుంది, వాళ్ళకి అంతకు మించొద్దు. చుక్కలు ఎక్కువ వేస్తే గుణం ఎక్కువ వస్తుందనుకోవడమే నేను చూసినంతలో ఎక్కువమంది చేసే తప్పు.

కలపడానికి నూనె కోసం మనం ఎక్కడికీ పోనక్కర్లేదు, గోదావరి జిల్లాల్లో ఉన్నాం. గానుగ కొబ్బరి నూనె తాజాది తెచ్చుకోండి. 24 డిగ్రీలు దాటితే కరిగే ఉంటుంది కాబట్టి ధనుర్మాసం పొద్దుళ్ళలో తప్ప మన దగ్గర గడ్డకట్టదు. కీళ్ళకి, నడుముకి నువ్వుల నూనె నాకు ఇష్టం, నెమ్మదిగా ఇంకుతుంది, రుద్దడానికి టైము ఇస్తుంది. ఏది కలిపినా ముందు మోచేతి మడత లోపల కాస్త రాసి ఒక రోజు ఆగి చూడండి.

అత్తయ్యగారి కోసం నేను కలిపే నూనె ఇది. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో నిజ లావెండర్ 4 చుక్కలు, వట్టివేరు నూనె 1, నారింజ తొక్క నూనె 1. వట్టివేరు నూనె తేనెలా చిక్కగా ఉంటుంది, చుక్క పడదు. సీసాని రెండు అరచేతుల మధ్య రెండు నిమిషాలు పట్టుకుంటే జారుతుంది. వేసవిలో తడికెల మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన ఎరిగినవాళ్ళు కదా ఆవిడ, లావెండర్ కన్నా ముందు వట్టివేరే ఆవిడకి నచ్చుతుందేమో చూడండి. రాత్రి పడుకోబోయే ముందు అర చెంచా తీసుకుని అరికాళ్ళకి, పిక్కలకి మెల్లగా పది నిమిషాలు రుద్దండి. ఆ పది నిమిషాల స్పర్శ, ఆ కబుర్లు కూడా మందులో భాగమే. రాశాక నేల మీద జారుతుంది, మేజోళ్ళు వేయండి లేదా బాగా తుడవండి. పెద్దవాళ్ళు రాత్రి బాత్రూముకి లేస్తారు.

లావెండర్ నిద్రమాత్ర కాదు. ఆందోళన కొద్దిగా తగ్గిస్తుందని చెప్పే పరిశోధనలు ఉన్నాయి. జర్మనీలో 80 మిల్లీగ్రాముల లావెండర్ నూనె క్యాప్సూల్‌ని మందుగానే అమ్ముతారు. అది కొలతతో తయారైన మందు. మన సీసాలోది నాలిక మీద వేసుకోవడం గానీ, టీలో కలపడం గానీ ఎవరు చెప్పినా చేయకండి. వారాల తరబడి నిద్ర లేకపోతే థైరాయిడో, షుగరో, రాత్రి వేసుకునే బీపీ మాత్రో, మనసులో దిగులో ఏదో ఒకటి ఉండొచ్చు. డాక్టరుకి చూపించండి.

మీకు వాసన ఇంకాస్త మనదిగా కావాలంటే వట్టివేరు బదులు మరువం నూనె వేసుకోవచ్చు. మరువం, లావెండర్ బాగా కలుస్తాయి. దవనం నూనె కూడా దొరుకుతుంది. కానీ అది చాలా గట్టిది. 30 మిల్లీలీటర్లకి ఒక్క చుక్క వేసినా మిగతావన్నీ దాని వెనకాలే నడుస్తాయి. గుడిలో స్వామి మెడలోని దవనం వాసన ఇష్టమైనవాళ్ళు లావెండర్‌ని తగ్గించి దాన్నే ప్రధానంగా పెట్టుకోవడం మంచిది.

మోకాళ్ళ నొప్పికి మాత్రం లెక్క మారుతుంది. అక్కడ కర్పూరం కావాలి కాబట్టి లావండిన్ పనికొస్తుంది. 30 మిల్లీలీటర్ల నువ్వుల నూనెలో లావండిన్ 6, నీలగిరి 4, నిమ్మగడ్డి నూనె 2. ఇది 2 శాతం, వయసు మళ్ళినవాళ్ళకైతే చుక్కలన్నీ సగం చేయండి. మోకాలికి, నడుముకి రాయండి, ముఖం దగ్గరికి తేకండి. నిమ్మగడ్డి రెండు చుక్కలు దాటితే కొందరికి చర్మం మండుతుంది. ఈ నూనె ఉన్న చేతులతో బాబుని ఎత్తుకోవద్దు, సబ్బుతో కడుక్కోండి. పరీక్షలో మీ 199 సీసా లావండిన్ అని తేలినా దీనికి వాడకండి. అసలు ఏముందో తెలియని నూనె చర్మం మీదకి ఎందుకు? దాన్ని గచ్చు తుడిచే నీళ్ళలో వాడండి. నూనె నీళ్ళలో కలవదు కాబట్టి పది చుక్కలు ముందు ఒక చెంచా లిక్విడ్ సోపులో కలిపి ఆ తర్వాత అర బకెట్ నీళ్ళలో వేయండి. స్నానం నీళ్ళకీ ఇదే మాట. బకెట్లో నేరుగా చుక్కలు వేస్తే అవి పైన తేలి ఒంటికి చిక్కగా అంటుకుంటాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ నూనెలేవీ నేల మీద వాడొద్దు. పిల్లి శరీరం వీటిని అరిగించుకోలేదు, పాదాలు నాక్కుంటుంది.

బీరువాలో బట్టల మధ్యకి ఎండిన లావెండర్ పువ్వు సంచులు అమ్ముతారు. అందులోకి గ్రోసో పువ్వే బాగుంటుంది, వాసన నిలుస్తుంది. మన దగ్గర నెమ్ముకి ఆ పువ్వు వానాకాలంలో బూజు పడుతుంది. మా ఆవిడ సగం పువ్వు, సగం ఎండు వట్టివేర్లు కలిపి పల్చటి గుడ్డలో కట్టి, నెలకోసారి ఎండలో పెడుతుంది. పట్టు చీరల మీద నూనె చుక్క మాత్రం వేయకండి, మరక పోదు.

దోమల గురించి మీరు అడగలేదు గానీ ఈ ప్రశ్న తర్వాత ఎలాగూ వస్తుంది. వరి చేలు, చెరువులు, కాలవలు ఉన్న చోట దోమని లావెండర్ ఆపదు. సిట్రొనెల్లా, నిమ్మగడ్డి నూనెలు కాసేపు దూరం పెడతాయి, గంటో రెండు గంటలో గడిచేసరికి ఎగిరిపోతాయి. డెంగీ దోమ పగలు కుడుతుంది. బాబుకి దోమతెర తప్ప వేరే దారి పెట్టుకోకండి.

ఇప్పుడు పిల్లలు. ఎనిమిది నెలల బాబు ఒంటికి ఏ ఎసెన్షియల్ ఆయిలూ, అంటే లావెండర్ లాంటి మొక్కల వాసన నూనె ఏదీ, రాయొద్దు. రెండేళ్ళు నిండేదాకా నేను ఎవరికీ చెప్పను. మీ ఇంట్లో జలుబు చేసినప్పుడు కొబ్బరి నూనెలో కర్పూరం కాచి గుండెల మీద రాసే అలవాటు ఉంటే, అది కూడా మానేయండి. మా అమ్మ మాకు రాసింది, ప్రేమతోనే రాసింది. కానీ కర్పూరం చిన్నపిల్లల ఒంట్లోకి పోతే ఫిట్స్ వస్తాయి, కొద్దిగా మింగినా ప్రమాదం. బజారులో దొరికే కర్పూరం ఉన్న బామ్‌ల మీద రెండేళ్ళ లోపు పిల్లలకి వద్దని రాసి ఉండేది అందుకే. నీలగిరి, పిప్పర్‌మెంట్ నూనెలు కూడా బాబు ముక్కు దగ్గరికి పోనీయకండి, ఊపిరి ఇబ్బంది పడుతుంది. లావండిన్, స్పైక్ సీసాలు పిల్లలున్న గదిలో వద్దని చెప్పేది కూడా ఈ కర్పూరం వల్లే. ఆరేళ్ళ పాపకి తలకి రాసే నూనెలో కావాలంటే 30 మిల్లీలీటర్లకి నిజ లావెండర్ 2 చుక్కలు, అంతకన్నా వద్దు. సీసాలన్నీ బీరువా పై అరలో, తాళం లోపల. కడుపుతో ఉన్నవాళ్ళు, ఉబ్బసం, ఫిట్స్ ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగాకే వాడాలి. కాలితే చల్లటి నీళ్ళ ధార కింద ఇరవై నిమిషాలు పెట్టండి, లావెండర్ రాయకండి.

చివరిగా కడియం మొక్క. లావెండర్ పుట్టింది రాళ్ళ కొండల మీద, పొడి గాలిలో. వేరుకి తడి నిలిస్తే వారంలో కుళ్ళిపోతుంది. మనది ఒండ్రు మట్టి, చాలాచోట్ల నాలుగు పారలు తవ్వితే నీరు. గాలి నిండా తేమ. అంగుస్టిఫోలియాకి పువ్వు బాగా రావాలంటే శీతాకాలంలో గట్టి చలి తగలాలి, అది మనకి రాదు. కాబట్టి నేలలో వేసే ఆలోచన మానుకోండి. కుండీలో పెంచాలని మనసైతే లావెండ్యులా డెంటాటా అడగండి. ఆకు అంచు చిన్న రంపంలా పళ్ళు పళ్ళుగా ఉంటుంది, వేడికి మిగతావాటి కన్నా ఓర్చుకుంటుంది. దీపావళి తర్వాత కొనండి. నర్సరీ నుంచి తెచ్చిన మొక్క కొబ్బరి పొట్టులో ఉంటుంది, అది స్పాంజిలా నీరు పట్టుకుంటుంది. వేరు దెబ్బతినకుండా ఆ పొట్టు వీలైనంత దులిపేసి, సగం గోదావరి ఇసుక, పావు చిన్న రాళ్ళు, పావు మట్టి కలిపి, అందులో చిటికెడు సున్నం వేసి మట్టి కుండీలో పెట్టండి. కింద చిల్లు పెద్దది ఉండాలి. వేలు రెండు కణుపులు దిగేదాకా పొడిగా ఉంటేనే నీళ్ళు పోయండి. మాఘం దాకా పచ్చగా ఉంటుంది, పువ్వు చూస్తారు. జూన్ వానలు పడ్డాక నా మూడు మొక్కల్లో ఒకటి బతికింది, అది కూడా చూరు కింద పెట్టినందువల్ల. దాని ఆకు పిల్లలకి చూపించడానికి, చేతిలో నలిపి వాసన చూడటానికి పనికొస్తుంది. నూనె తీయాలనుకోకండి, బుట్టల కొద్దీ పువ్వు కావాలి.

అదే మేడ మీద మరువం ఒక కుండీ, నిమ్మగడ్డి ఒక పెద్ద డబ్బా, పెరట్లో నీళ్ళు నిలిచే మూల వట్టివేరు వేశారంటే మీరు ఊరెళ్ళి వారం తర్వాత వచ్చినా బతికే ఉంటాయి. వట్టివేరుకి మన తడి నేల ఇబ్బంది కాదు.

ముందు కాగితం పరీక్ష చేసి, మర్నాడు పొద్దున వాసన ఎలా ఉందో ఇక్కడ రాయండి. కొత్త సీసా కొంటే రిపోర్టులో కర్పూరం అంకె ఎంతో చెప్పండి, దాన్ని బట్టి అత్తయ్యగారి నూనెలో చుక్కలు ఎన్ని వేయాలో మళ్ళీ లెక్క చూద్దాం.